బావమరిది చేతిలోని తాడు

ఎత్తు అనగానే మనకు ఎవరెస్టు గుర్తుకొస్తుంది. 2014 మే 25న మలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో, ఆనంద్ కుమార్‌తో కలిసి ఆ శిఖరం ఎక్కినప్పుడు తెలుగువాళ్లమంతా పొంగిపోయాం. పొంగిపోవలసిందే. కాని రోజూ ఎత్తులకు ఎక్కేవాళ్లు మన చుట్టూనే ఉన్నారు. నల్లమల కొండచరియ మీంచి తాడుతో దిగి తేనె తీసే చెంచు, బేతంచెర్ల నాపరాతి గని అంచున నిలబడే కూలీ, సిమెంటు ఫ్యాక్టరీలో సైలో మీదికెక్కే కాంట్రాక్టు మనిషి, కరెంటు స్తంభమెక్కే హెల్పరు, నంద్యాలలో నాలుగంతస్తుల మేడకు రంగు వేసే కుర్రవాడు. వీళ్ల పేరు పేపర్లో పడదు. పడిందంటే, వాళ్లు కిందపడిన మరునాడే.

వీళ్లలో చాలామందికి రక్షణ ఏమిటయ్యా అంటే, నడుముకు కట్టుకున్న ఒక తాడు, మొక్కుకున్న ఒక దేవుడు. ఆ నడుం తాడు సంగతి మన ఫిజిక్సు లెక్చరర్ గారిని అడిగి చూడండి. మనిషి రెండు మీటర్లు జారి, సాగని తాడు మీద పది సెంటీమీటర్లలో ఆగాడనుకుందాం. అతని మీద పడే సగటు బలం ఒంటి బరువుకు ఇరవై రెట్లు దాటుతుంది. అదంతా నడుం మీదే పడితే వెన్నెముక గతేమిటి?

అసలైన హార్నెస్ ఆ బలాన్ని తొడలకూ, పిరుదులకూ, భుజాలకూ పంచుతుంది. దానికి తగిలించే తాడులో మడతపెట్టి కుట్టిన పట్టీ ఒకటుంటుంది. మనిషి పడగానే ఆ కుట్లు వరసగా తెగుతూ పట్టీ విచ్చుకుంటుంది. మీటరు దూరం విచ్చుకుంటే ఇరవై రెట్లు కాస్తా మూడు రెట్లకు దిగుతుంది. తెగడానికే వేసిన కుట్టన్నమాట! ఇందులో మంత్రం లేదు. గట్టి పట్టీ, సరైన దారం, లెక్క తప్పని కుట్టు, ఇంతే.

కొండలెక్కే సామాను మామూలు పనివాడికి ఎందుకని కొందరంటారు. 2024 జూలై 14న తెలంగాణలో, అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో, గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరిట కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. పర్వతారోహకుడి తాడూ, పట్టీలూ తాటిచెట్టు దాకా వచ్చాయి. నల్లమల తేనెపట్టు దాకా, బేతంచెర్ల గని దాకా రావడానికి అడ్డేమిటి?

కొని పంచితే చాలదా అని మీరడగవచ్చు. కొన్నది చిరిగితే మళ్లీ ఎవరో ఇచ్చేదాకా పాత తాడే గతి. తయారీ మన దగ్గరే ఉంటే సైజూ, మరమ్మతూ, ఎలా తొడుక్కోవాలో నేర్పే మనిషీ దగ్గరే ఉంటారు. అందుకే నా అభిప్రాయం ఇది: ఈ పరికరాల తయారీ నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలోనే జరగాలి.

పల్లెటూళ్లో అయ్యే పనా ఇది? వేల్స్ దేశంలో లాన్‌బెరిస్ అనే చిన్న ఊరుంది. అక్కడి డినార్విక్ పలకరాతి గని 1969లో మూతపడింది. ఆ ఊళ్లోనే డి.ఎం.ఎం. అనే కంపెనీ కొండలెక్కేవాళ్ల కొక్కేలు వేడిచేసి అచ్చులో ఒత్తి, సానబట్టి ప్రపంచానికి అమ్ముతోంది. రాతి ఊరు రక్షణ పరికరాల ఊరయింది. మనదీ రాతి సీమే. ఆళ్లగడ్డ శిల్పి ఉలి ఒక్క దెబ్బ పక్కకు పడితే నెలల శ్రమ మట్టిపాలని తెలిసి పనిచేస్తాడు. అలాంటి ఓపిక, అలాంటి కన్ను ఉన్న గడ్డ మీద కుట్టుమిషన్ ముందు కూర్చునే ఆడపిల్లలు ఈ పని నేర్వలేరా?

అయితే ఒక్క షరతు. మన ఊరి సరుకు కదా అని జాలిపడి ఎవరూ కొనకూడదు. ఐరోపా వాళ్ల ఇ.ఎన్. 361 ప్రమాణం ప్రకారం హార్నెస్‌ను 15 కిలోన్యూటన్ల బలంతో, అంటే సుమారు 1,500 కిలోల బరువు వేలాడదీసినట్టుగా, 3 నిమిషాలు లాగినా అది మనిషి బొమ్మను వదలకూడదు. మనకూ ఐ.ఎస్. 3521 అనే ప్రమాణం ఉంది. ఆ పరీక్ష నెగ్గనిది షాపు గడప దాటరాదు. ఒకసారి మనిషిని ఆపిన హార్నెస్ చూడ్డానికి బాగానే ఉన్నా మళ్లీ వాడరాదు. ఎండకు నైలాన్ చివుకుతుంది. ఇవన్నీ కొనేవాడికి తెలుగులో చెప్పాలి.

ఇక్కడే మన పని ఉంది. నంద్యాలలో ఇంజనీరింగు కాలేజీలున్నాయి. ఇనుప కడ్డీలు లాగి తెంపే యంత్రాలు ల్యాబుల్లో ఉంటాయి. ఏటా అవే కడ్డీలు తెంపి రికార్డు రాసి మార్కులు తెచ్చుకుంటాం. ఆ యంత్రానికి ఒక్కసారి పట్టీ తగిలించి, ఏ దారం, ఏ కుట్టు ఎంత బలానికి తెగుతుందో రాసిపెడితే అంతకన్న గొప్ప ప్రాజెక్టు ఏముంటుంది? చివరి ముద్ర గుర్తింపు పొందిన ప్రయోగశాలే వేయాలి. కాని మొదటి అడుగు మనం వేయవచ్చు.

చెంచు తేనెకు దిగేటప్పుడు పైన తాడు దగ్గర బావమరిదిని నిలబెడతాడని చెబుతారు. తోబుట్టువు తాళి తన చేతిలో ఉందని ఆ మనిషి మరచిపోడు కాబట్టి. హార్నెస్ కుట్టే ప్రతి చెయ్యీ, దాన్ని పరీక్షించే ప్రతి విద్యార్థీ ఆ బావమరిది చోట నిలబడినవాళ్లే. ఆ చోట నిలబడడానికి మనలో ఎందరం సిద్ధం?