పరిశోధన పత్రికలకు చందా సరే, విద్యార్థికి దారి ఏది?

జంషెడ్‌పూర్ నగరంలోని కద్మాలో ఒకే వీధిలో ఉండే ఇద్దరు విద్యార్థులను ఉదాహరణగా తీసుకుంటే సమస్య స్వరూపం తెలుస్తుంది. ఒకరు ప్రభుత్వ విద్యాసంస్థలో, మరొకరు ప్రైవేటు కళాశాలలో చదువుతున్నారు. ఉక్కు తుప్పు పట్టే తీరుపై వెలువడిన ఒక పరిశోధన వ్యాసాన్ని చదవమని ఇద్దరికీ అధ్యాపకులు సూచించారు. రెండో విద్యార్థి కళాశాల ఆ పత్రికకు సొంతంగా చందా కట్టకపోతే, తెరపై కనిపించేది వ్యాస సారాంశం, దాని పక్కనే విదేశీ ద్రవ్యంలో ధర. మొదటి విద్యార్థి తరఫున ప్రభుత్వమే చందా చెల్లించింది. అయినా ఇంట్లో కూర్చుని వెతికితే ఆ విద్యార్థికీ అదే ధర కనిపించవచ్చు. చెల్లించిన చందాకూ చదవాల్సిన విద్యార్థికీ మధ్య ఉన్న ఈ ఎడం పూడ్చడమే ఇప్పుడు విద్యాసంస్థల ముందున్న పని.

‘ఒకే దేశం, ఒకే చందా’ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదం తెలిపింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలు దీని పరిధిలోకి వచ్చాయి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల నిర్వహణలోని ఉన్నత విద్యాసంస్థలు, కేంద్ర పరిశోధన సంస్థలు కలిపి 6,300కు పైగా సంస్థల్లోని దాదాపు 1.8 కోట్ల మందికి ప్రయోజనం కలుగుతుందని ప్రభుత్వం ప్రకటించింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఆధ్వర్యంలోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ఈ పథకాన్ని సమన్వయపరుస్తోంది.

ఉక్కు నగరానికి ఈ పథకం అవసరం ఎంతైనా ఉంది. జాతీయ లోహశోధన ప్రయోగశాల 1950 నుంచి ఇక్కడే పనిచేస్తోంది. ఖర్కాయి నదికి ఆవల, ఆదిత్యపూర్‌లో 1960లో ప్రాంతీయ ఇంజనీరింగ్ విద్యాసంస్థగా మొదలైన కళాశాల నేడు జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా ఎదిగింది. 2009లో ఏర్పడిన కొల్హాన్ విశ్వవిద్యాలయం చాయిబాసా కేంద్రంగా నడుస్తోంది. కర్మాగారంలో పని కోసం తరాల క్రితం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు సహా, ఈ నగర విద్యార్థుల్లో చాలామంది వసతి గృహాల్లో కాక ఇళ్లలోనే ఉండి చదువుకుంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

చందా ఉన్న సంస్థను ప్రచురణకర్తలు సాధారణంగా ఆ ప్రాంగణపు ఇంటర్నెట్ చిరునామాను బట్టి గుర్తిస్తారు. గ్రంథాలయంలోని కంప్యూటరులో వెంటనే తెరుచుకున్న వ్యాసం, ఇంట్లోని మొబైల్ ఫోనులో తెరుచుకోకపోవడానికి కారణం ఇదే. ప్రాంగణం వెలుపలి నుంచి చదివేందుకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ ‘ఇన్‌ఫెడ్’ అనే లాగిన్ వ్యవస్థను నెలకొల్పింది. సంస్థ అందులో చేరి, విద్యార్థుల వివరాలు నమోదు చేసి, లాగిన్ ఇస్తేనే అది ఉపయోగపడుతుంది.

లాగిన్ ఉన్నా సరైన లింకు లేకపోతే శ్రమ వృథాయే. బ్రౌజరు చిరునామా పట్టీ నుంచి నకలు చేసిన లింకు కొన్ని సందర్భాల్లో ఆ ఒక్క లాగిన్‌కే పరిమితమై, మరొకరి వద్ద పనిచేయదు. ప్రచురణ సంస్థ వెబ్‌సైటు మారితే పాత చిరునామా చెల్లకుండా పోతుంది. ఈ ఇబ్బందికి విరుగుడుగా వచ్చిందే డీఓఐ. 10 అంకెతో మొదలయ్యే ఈ శాశ్వత గుర్తింపు సంఖ్య వ్యాసం ఎక్కడికి మారినా దాని వెంటే ఉంటుంది. పాఠ్యప్రణాళికలో వ్యాసం పేరు పక్కన డీఓఐ లింకు ఇస్తే విద్యార్థి నేరుగా ఆ పేజీకి చేరి, సంస్థ లాగిన్‌తో చదువుకోవచ్చు.

వ్యాసం ప్రతినే వాట్సాప్‌లో పంపితే సరిపోదా అన్న ప్రశ్న సహజం. బోధన కోసం చేసే నకళ్లకు మన కాపీరైటు చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఫొటోకాపీల కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు దీనిని ధ్రువీకరించింది కూడా. అయితే చందా ఒప్పందాల షరతులు వేరు. పైగా, ప్రచురితమైన వ్యాసాన్ని తరువాత సవరించినా, ఉపసంహరించినా ఆ సంగతి అసలు పేజీలో తెలుస్తుంది గాని చేతులు మారిన ప్రతిలో తెలియదు. మరో ముఖ్య విషయం, వినియోగపు లెక్క. 2027తో ప్రస్తుత కేటాయింపు గడువు ముగుస్తుంది. ఏ పత్రికను ఎందరు చదివారన్నది తదుపరి బేరసారాల్లో ప్రభుత్వానికి ఆధారం కావాలి. వాట్సాప్‌లో తిరిగే ప్రతి ఆ లెక్కకు అందదు.

పథకం వెలుపల ఉన్నవారి మాట వేరే. ప్రైవేటు కళాశాలలు తొలి దశలో లేవు. ఇంజనీరింగ్ విద్యలో ప్రైవేటు కళాశాలలదే అధిక వాటా అయిన ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఇది చిన్న విషయం కాదు. వాటిని తరువాతి దశలో చేర్చే వరకు ఉచితంగా లభించేవే ఆధారం. భారతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలు, ‘కరెంట్ సైన్స్’, సిద్ధాంత గ్రంథాల భాండాగారం ‘శోధగంగ’ వెబ్‌లో ఎవరికైనా అందుబాటులో ఉన్నాయి. అధ్యాపకులు వీటి లింకులనూ పాఠాల జాబితాలో చేరిస్తే కద్మాలోని రెండో విద్యార్థికీ ఒక దారి దొరుకుతుంది.

ఏటా సగటున 2,000 కోట్ల రూపాయల ప్రజాధనం వెచ్చిస్తున్న పథకానికి చివరి అంచెలో కావాల్సిన ఖర్చు స్వల్పం. ప్రతి విద్యార్థికీ ఇంటి నుంచి పనిచేసే లాగిన్, ప్రతి పాఠానికీ శాశ్వత లింకులు, విద్యా సంవత్సరం మొదట్లో వాటిని ప్రాంగణం బయటి నుంచి తెరిచి చూసే ఒక గ్రంథాలయ ఉద్యోగి ఉంటే చాలు. ఇవి లేనంత కాలం చందా సంస్థ పేరునే ఉంటుంది, చదువు మాత్రం విద్యార్థికి అందదు.