పండుగకు వెళ్లినవారు ఇంటికి చేరాలి

మహా విశాఖ నగరపాలక సంస్థ పాలకవర్గానికి ఇక కొద్ది వారాలే మిగిలాయి. 2021 మార్చి 10న 98 వార్డులకు ఓట్లు పడ్డాయి. రాజ్యాంగం ఇచ్చిన ఐదేళ్ల గడువు ఈ మార్చితో తీరుతుంది. ఆలోగా మళ్లీ ఎన్నికలు జరగాలనే మా ఆశ. కానీ విశాఖకు ఈ విషయంలో చేదు అనుభవం ఉంది. 2012లో అప్పటి పాలకవర్గం దిగిపోయాక తొమ్మిదేళ్ల పాటు ఈ నగరానికి కౌన్సిలే లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఆ ఖాళీలోనే వచ్చింది. ఆర్.ఆర్.వెంకటాపురంలో విషవాయువు లీకైన 2020 మే 7 కూడా ఆ ఖాళీలోనిదే. అధికారులు వచ్చారు, పనిచేశారు, కాదనం. కానీ ఫలానా వీధి సంగతి ఏమైందని సభలో లేచి నిలదీయడానికి ఎన్నికైన మనిషి లేడు.

ప్రతి ఆదివారం మన సంఘాలలో అధికారంలో ఉన్నవారి కోసం ప్రార్థన చేస్తాం. ప్రధానమంత్రి పేరు వస్తుంది, ముఖ్యమంత్రి పేరు వస్తుంది. వార్డు కార్పొరేటర్ పేరు ఎన్ని ప్రార్థనల్లో వినిపిస్తోంది? పేరు తెలిసినవారెందరు? చర్చి ముందు మురుగుకాలువ మీద పలక వేయించేది ప్రధానమంత్రి కాదు కదా.

కౌన్సిల్ అనగానే పత్రికల్లో మనం చూసేది పార్టీల గొడవ. నిరుడు ఏప్రిల్ అంతా అదే. ఏప్రిల్ 19న మేయర్ గొలగాని హరి వెంకట కుమారి మీద పెట్టిన అవిశ్వాస తీర్మానం 74 ఓట్లతో నెగ్గింది. ఏప్రిల్ 28న పీలా శ్రీనివాసరావు కొత్త మేయరయ్యారు. శిబిరాలు, విప్‌లు, పార్టీ మారినవారు, మారనివారు, నెల రోజులు నగరం మాట్లాడుకున్నది ఇదే. మేయర్ ఎన్నికై రెండు రోజులు కాకముందే, ఏప్రిల్ 30 తెల్లవారుజామున, సింహాచలంలో గోడ కూలింది.

అది చందనోత్సవం రోజు. అర్ధరాత్రి నుంచే భక్తులు వరుసల్లో ఉన్నారు. గాలివాన వచ్చింది. 300 రూపాయల టికెట్ వరుస పక్కనే కొద్ది రోజుల కిందట హడావుడిగా లేపిన గోడ వారి మీద పడింది. ఏడుగురు చనిపోయారు. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది, కొందరు అధికారులు సస్పెండయ్యారు. అదే ఏడాది జనవరి 8న తిరుపతిలో దర్శనం టోకెన్ల కోసం తోపులాటలో ఆరుగురు, నవంబర్ 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో తొమ్మిది మంది పోయారు. ఒకే రాష్ట్రం, ఒకే సంవత్సరం, మూడూ పండుగ సందర్భాలే.

ఇది హిందువుల పండుగ, మనకెందుకు అనేవారు మన మధ్య ఉండరనే అనుకుంటున్నాం. ఒకవేళ ఉంటే లూకా సువార్త 13వ అధ్యాయం తెరవమని వారికి మా మనవి. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిన సంగతి ఎత్తి, వారు యెరూషలేములోని మిగతా అందరికంటే పాపులని తలుస్తున్నారా అని ప్రభువు అడిగాడు. కూలిన గోడ కింద పడినవారి మీద తీర్పు చెప్పే అధికారం ఆయన మనకివ్వలేదు. ఫలానా దేవునికి మొక్కబోయి పోయారని సోషల్ మీడియాలో రాసే క్రైస్తవుల చేతికి ఆ వాక్యం పెట్టాలి.

గోడల గురించి మోషే ధర్మశాస్త్రం ఇంకా నేరుగా మాట్లాడుతుంది. కొత్త ఇల్లు కట్టేవాడు మేడ చుట్టూ పిట్టగోడ కట్టాలి, కట్టకపోతే పైనుంచి ఎవరైనా పడి చచ్చినప్పుడు ఆ రక్తదోషం ఇంటిమీదికే వస్తుంది. ద్వితీయోపదేశకాండము 22:8 భావం ఇది. అక్కడ దోషం జారిపడినవాడి మీద లేదు, వాన మీద లేదు. కట్టినవాడి మీద ఉంది. మన దగ్గర చిక్కు ఏమిటంటే కట్టినవాడెవరో తేలడానికే ఒక కమిటీ కావాలి. గుడి దేవాదాయ శాఖది. గోడ పర్యాటక శాఖ పనుల్లోది. బందోబస్తు పోలీసులది. కొండ దిగాక వచ్చే వీధులు నగరపాలక సంస్థవి. ఇందరి మధ్య గోడ ఎవరి బాధ్యత కాకుండా నిలబడింది, ఎవరి బాధ్యత కాకుండానే పడింది.

కౌన్సిల్‌కు ఆ గోడ మీద అధికారం లేదన్నది నిజమే. కానీ అడిగే నోరుంది. 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 12వ షెడ్యూలు పురపాలక సంస్థలకు 18 పనులు అప్పజెప్పదగినవని చెప్పింది. రోడ్లు, వంతెనలు అందులో ఉన్నాయి. వీధిదీపాలు, బస్టాపులు, పార్కింగ్ ఉన్నాయి. సాంస్కృతిక కార్యక్రమాల ప్రోత్సాహం ఉంది. శ్మశానాలు, సమాధి స్థలాలు కూడా ఉన్నాయి. పండుగ, వీధి భద్రత, నిర్మాణ పనులు మూడు వేర్వేరు అంశాలుగా ఎజెండాలోకి వస్తాయి గానీ, నడిచే మనిషికి మూడూ ఒకటే. ఇంటినుంచి బయల్దేరినవాడు తిరిగి ఇల్లు చేరతాడా లేదా అన్నదే అతని లెక్క.

విశాఖకు చేతకాక కాదు. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాద్రి కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ జరుగుతుంది. లక్షల మంది చెప్పుల్లేకుండా నడుస్తారు. అడవివరం, హనుమంతవాక, వెంకోజీపాలెం, మాధవధార, గోపాలపట్నం మీదుగా సాగే ఆ దారిలో మంచినీళ్లు, మరుగుదొడ్లు, దీపాలు, ప్రథమ చికిత్స ఏర్పాటవుతాయి. పారిశుధ్య కార్మికులు రాత్రంతా ఊడుస్తారు. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు తీరమంతా కంపార్ట్‌మెంట్లుగా విడదీసి లక్షల మందిని కూర్చోబెట్టి క్షేమంగా పంపారు. ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్షకూ బీచ్ రోడ్డు మెరిసిపోతుంది, అనుమానం లేదు. మేము అడిగేది ఒకటే. గిరి ప్రదక్షిణ మరునాడు అదే హనుమంతవాక దగ్గర హైవే దాటాల్సిన ముసలమ్మ సంగతేమిటి? ఒక్క రాత్రికి పట్టిన శ్రద్ధ 364 రాత్రులకు ఎందుకు పట్టదు? దీపాల విషయంలో ఈ నగరానికి మంచి చరిత్రే ఉంది. హుద్‌హుద్ స్తంభాలను పడగొట్టాక, దేశంలో అందరికంటే ముందుగా ఊరంతటికీ ఎల్‌ఈడీ వీధిదీపాలు పెట్టుకున్న నగరాల్లో విశాఖ ఒకటి.

2023 నవంబర్ 22 ఉదయం సంగం శరత్ కూడలిలో ఏం జరిగిందో చాలామంది ఫోన్లలో చూశారు. బడిపిల్లలతో వెళ్తున్న ఆటో వేగంగా వచ్చి లారీని ఢీకొట్టింది. ఎనిమిది మంది పిల్లలు రోడ్డు మీద చెల్లాచెదురయ్యారు. ఆ వీడియో చూసి ఆ వారం ఊరంతా ఉలిక్కిపడింది. తర్వాత మళ్లీ మామూలే. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు ఉన్న ఊరిది. భారీ లారీ, బడి ఆటో, సైకిల్ మీద షిఫ్టుకు వెళ్లే కార్మికుడు ఒకే దారిలో పోవాలి. షీలానగర్, గాజువాక, కాన్వెంట్ జంక్షన్ వైపు ఉండేవారికి ఇది చెప్పనక్కర్లేదు. అనకాపల్లి నుంచి ఆనందపురానికి సబ్బవరం మీదుగా సుమారు 50 కిలోమీటర్ల బైపాస్ వచ్చాక దూరప్రయాణపు లారీల భారం కొంత తగ్గింది. ఓడరేవుకు వచ్చిపోయే లారీలు మాత్రం ఊళ్లోనే ఉన్నాయి.

దేశంలో 2022 ఒక్క ఏడాదే రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ప్రమాదం అనగానే డ్రైవర్‌ను తిట్టడం మనకు అలవాటు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం మరో మాట చేర్చింది. రోడ్డును ప్రమాణాల ప్రకారం కట్టకపోవడం వల్ల మరణమో అంగవైకల్యమో కలిగితే, ఆ పనికి బాధ్యులైన అధికార సంస్థ, కాంట్రాక్టరు లక్ష రూపాయల వరకు జరిమానా కట్టాలి. 198ఏ సెక్షన్ అది. నిర్గమకాండము 21వ అధ్యాయం చదివినవారికి ఇది కొత్తగా తోచదు. గొయ్యి తవ్వి మూత వేయనివాడు, అందులో పొరుగువాడి ఎద్దు పడితే నష్టం కట్టాలని అక్కడ ఉంది. కేబుల్ కోసం తవ్వి వదిలేసిన గుంతలు, గెడ్డల మీద పలకలు లేని చోట్లు మన వార్డుల్లో ఎన్ని ఉన్నాయో చిన్నపిల్లాడైనా చూపిస్తాడు. కౌన్సిల్ ఈ సెక్షన్‌ను ఎజెండాలోకి తెచ్చి, తవ్విన ప్రతి గుంతకు బాధ్యుల పేరు రాయించి ఉంటే అది ఈ ఐదేళ్లలో పెద్ద పనే అయ్యేది.

వీధి భద్రత పేరుతో జరిగిన ఒక పని మాత్రం మాకు మింగుడుపడలేదు. 2025 సెప్టెంబరులో ఆపరేషన్ లంగ్స్ అంటూ నగరపాలక సంస్థ రోడ్ల పక్కన బడ్డీలు, తోపుడు బండ్లు తొలగించింది. ఫుట్‌పాత్ నడిచేవారిదే, ఆ మాట ఒప్పుకుంటాం. కర్ర పట్టుకుని నడిచేవారు రోడ్డు మీదికి దిగాల్సి రావడం న్యాయం కాదు. కానీ 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఒక క్రమం చెప్పింది. ముందు సర్వే చేయాలి, ఆ తర్వాత గుర్తింపు పత్రాలు ఇవ్వాలి, అవి పూర్తయ్యే దాకా ఎవరినీ లేపకూడదు. మరోచోటికి పంపాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి. ఈ క్రమం ప్రతి బండి విషయంలోనూ పాటించామని కౌన్సిల్ ముందు లెక్క పెట్టాల్సిన బాధ్యత అధికారులది. ఆదివారం కానుకల సంచిలో పడే నోట్లలో ఇడ్లీ బండి నోట్లు, చేపల తట్ట నోట్లు ఉంటాయని కాపరులకు తెలియనిది కాదు. ఆ కుటుంబం సంఘంలో ఉన్నప్పుడు వారి నోటీసు కాగితం చదివిపెట్టే విశ్వాసి ఒకరైనా ఉండాలి.

ఇక పెద్ద పనులు. ఆర్కే బీచ్‌లో తేలియాడే వంతెన 2024 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది, మరునాడే దాని కొస భాగం విడిపోయి కనిపించింది. పరీక్ష కోసం తామే విడదీశామని అధికారులన్నారు. 2023లో నగరపాలక కార్యాలయం సమీపంలో ఆధునికమంటూ కట్టిన బస్ షెల్టర్ ప్రారంభమైన కొద్ది రోజులకే కుంగింది. బస్సుల కోసం మధ్యలో ప్రత్యేక వరుసలు వేసిన పెందుర్తి రోడ్డు మీద అనుకున్న తీరున బస్సులు నడవనే లేదు. ఇప్పుడు 46 కిలోమీటర్ల మెట్రో మాట వినిపిస్తోంది. రావాలనే కోరుకుంటాం. మెట్రో స్టేషన్‌కైనా నడిచే వెళ్లాలి గనుక, ఆ నడక దారి ముందు బాగుపడాలని మాత్రం అంటాం.

ఇతరుల పండుగల గురించి ఇంత రాసి మన వాటి ఊసెత్తకపోతే న్యాయం కాదు. 1805లో లండన్ మిషన్ సేవకులు విశాఖలో దిగిన నాటినుంచి ఈ ఊరి వీధులతో మన సంఘాలకు బంధం ఉంది. పాత ఊళ్లో మరియమాత కొండ, దర్గా కొండ, వేంకటేశ్వర కొండ పక్కపక్కనే ఉండి ఒకే ఓడరేవును చూస్తుంటాయి. రాస్ హిల్ మీద డిసెంబరు ఉత్సవానికి అన్ని మతాలవారూ మెట్లెక్కుతారు. ఈ ఫిబ్రవరిలో విజయవాడ గుణదలకు లక్షల మంది పోతారు. మన దగ్గర గోడ కూలలేదు, నిజమే. కానీ పందిరికి ఎన్ని దారులున్నాయి, రద్దీలో ఆంబులెన్స్ ఎటు వస్తుంది, జనరేటర్ తీగలు ఎక్కడ పోతున్నాయి అని సభల ముందు తనిఖీ చేసే సంఘాలు ఎన్ని? రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకర్ వాడకూడదన్న 2000 నాటి నిబంధన మనకూ వర్తిస్తుంది. చర్చి ముందు అడ్డదిడ్డంగా నిలిపిన బండ్ల వల్ల ఆగిపోయిన ఆటోలో పురిటి నొప్పుల తల్లి ఉండొచ్చు. పక్కింటివాడికి మనం ప్రకటించే సువార్తలో మన పార్కింగ్ కూడా ఒక అధ్యాయమే.

జెకర్యా ప్రవక్త చూసిన పట్టణం మాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. దాని వీధుల్లో ముసలివారు చేతికర్రతో కూర్చుని ఉంటారు, మగపిల్లలూ ఆడపిల్లలూ ఆడుకుంటూ ఉంటారు. ఆ దర్శనంలో గాజు వంతెన లేదు, ఎత్తయిన గోపురమూ లేదు.

మిగిలిన ఈ కొద్ది వారాల్లో కౌన్సిల్ ఇంకా కూర్చుంటుంది. జీరో అవర్‌లో కార్పొరేటర్ తన వార్డు సంగతి లేవనెత్తవచ్చు. సంఘ కమిటీలు ఒక సాయంకాలం చర్చి చుట్టూ అర కిలోమీటరు నడిచి చూడాలని మా కోరిక. యౌవనస్తులు ఫోన్‌లో ఫొటోలు తీయవచ్చు. వెలగని దీపం స్తంభం నంబరు, పలక లేని కాలువ, బడి పిల్లలు రోడ్డు దాటే చోటు, పగుళ్లిచ్చిన ప్రహరీ ఒక కాగితం మీద రాసి, పక్క వీధి గుడివారిని, మసీదువారిని కూడా సంతకం పెట్టమని అడిగి, కార్పొరేటర్ చేతికి ఇచ్చి రసీదు తీసుకోండి. నకలు వార్డు సచివాలయంలో ఇవ్వండి. ఆ కాగితం ఉంటే రేపు ప్రత్యేకాధికారి వచ్చినా, కొత్త కౌన్సిల్ వచ్చినా అడగడానికి ఆధారం ఉంటుంది. గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3న, సింహాచలం చందనోత్సవం కూడా ఆ నెలలోనే. రెండూ ఈ పాలకవర్గం గడువు తీరాకే.