రక్తానికి కులం రాశారు, బాధకు రాయరా?

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌లో, సాక్చీ పక్కన ఉంటుంది కాసిడీహ్. టాటా ఉక్కు కర్మాగారంలో పని కోసం ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా బతుకుతున్న నగరం అది. అక్కడ ఒక కూలి ఇంట్లో ఇరవై ఏళ్ల కుర్రాడికి ఎదురుగా ఎవరూ లేకపోయినా మాటలు వినబడడం మొదలైందనుకుందాం. అందరూ తనను చూసి నవ్వుతున్నారని, తన మీద ఏదో కుట్ర జరుగుతోందని అంటున్నాడనుకుందాం. డాక్టరు అతని వయసు అడుగుతాడు, చదువు అడుగుతాడు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి జబ్బు ఉందా, గంజాయి అలవాటు ఉందా అని అడుగుతాడు. ఇవన్నీ అడగాల్సినవే. బడిలో నిన్ను ఎక్కడ కూర్చోబెట్టారు, పనిలో ఏమని పిలిచారు, నిజంగానే నిన్ను చూసి ఎవరు నవ్వారు అన్న ప్రశ్నలు మాత్రం సాధారణంగా రావు. రేపు ఆ కుర్రాడు ఒక పరిశోధన పత్రంలో అంకె అవుతాడు. ఆ అంకెకు కులం ఉండదు.

స్కిజోఫ్రీనియా, సైకోసిస్, మందులకు లొంగని డిప్రెషన్ మీద మన దేశంలో పరిశోధన జరుగుతూనే ఉంది. జన్యువులు చూస్తున్నారు, మెదడు స్కాన్లు తీస్తున్నారు, కొత్త మందులు పరీక్షిస్తున్నారు. ఈ దేశంలో మనిషి పుట్టుకతోనే మోసే అవమానం మాత్రం ఆ పరిశోధనకు చాలా అరుదుగా ప్రశ్న అవుతోంది. దీన్ని మరుపు అనుకుంటే పొరపాటు. ఎవరి బాధను శాస్త్రం పట్టించుకోవాలో తేల్చే అధికారం ఎవరి చేతుల్లో ఉంది అన్నదే ఇక్కడ విషయం.

మనోవైద్యానికి వివక్ష కొత్త కాదు. కాసిడీహ్ నుంచి దాదాపు 140 కిలోమీటర్ల దూరంలో, రాంచీ శివార్లలోని కాంకేలో 1918లో బ్రిటిష్ ప్రభుత్వం రాంచీ యూరోపియన్ లునాటిక్ అసైలమ్ తెరిచింది. పేరులో ఉన్నట్టే అది యూరోపియన్ల కోసం. భారతీయుల కోసం 1925లో అదే కాంకేలో ఇండియన్ మెంటల్ హాస్పిటల్ విడిగా పెట్టారు. మొదటిదే నేటి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ, రెండోది రిన్‌పాస్. యూరోపియన్ ఆస్పత్రి సూపరింటెండెంట్ ఓవెన్ బర్క్‌లీ-హిల్ 1921లో హిందువుల స్వభావాన్ని మనోవిశ్లేషణ చేస్తూ ఒక వ్యాసం అచ్చువేశాడు. తన ఆస్పత్రిలో మంచం దక్కని జనం మనసు గురించి తీర్పు చెప్పడానికి ఆయనకు ఏ ఇబ్బందీ కలగలేదు. భారతీయులకు కేటాయించిన ఆస్పత్రి తర్వాతి దశాబ్దాల్లో ఎంత అధ్వాన్నంగా తయారైందంటే, 1980లలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. రాకేశ్ చంద్ర నారాయణ్ కేసు అదే.

తెల్లవాడు జాతిని గేటు మీదే రాసిపెట్టాడు. స్వతంత్ర భారత మనోవైద్యం గేటు మీద ఏమీ రాయలేదు. ఫారంలో కూడా రాయడం లేదు. దీన్నే సమానత్వం అనుకోమంటున్నారు.

శాస్త్రానికి కులం తెలియదా? బాగా తెలుసు. 2009లో 'నేచర్' పత్రికలో భారతీయుల జన్యు చరిత్రపై ఒక అధ్యయనం వచ్చింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు అందులో భాగస్వాములు. 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించారు. ఆ సమూహాల్లో మన మాలలు, మాదిగలు, వైశ్యులు ఉన్నారు. కులం లోపలే పెళ్లిళ్లు చేసుకోవడం మన జన్యువుల్లో ఎంత లోతుగా ముద్ర వేసిందో ఆ అధ్యయనం చూపింది. దాన్ని నేను తప్పుపట్టడం లేదు. రక్తం సేకరించేటప్పుడు సీసా మీద రాయడానికి పనికొచ్చిన కులం, బాధ నమోదు చేసేటప్పుడు ఎందుకు పనికిరాకుండా పోతోంది? మాదిగవాడి డీఎన్ఏ శాస్త్రమైతే, మాదిగవాడికి జరిగిన అవమానం శాస్త్రం కాకుండా ఎలా పోతుంది?

మిగతా ప్రపంచం ఈ ప్రశ్న వేసింది. ఇంగ్లండ్‌లోని లండన్, నాటింగ్‌హామ్, బ్రిస్టల్ నగరాల్లో జరిగిన ఈసాప్ అధ్యయనం 2006లో ఫలితాలు వెల్లడించింది. ఆఫ్రికన్-కరీబియన్లలో కొత్తగా స్కిజోఫ్రీనియా నిర్ధారణ అయ్యే రేటు తెల్లవారికంటే దాదాపు 9 రెట్లు ఉందని తేలింది. ఇది వాళ్ల రక్తంలోని లోపం అని తేల్చేయడానికి వీల్లేదు. ఎందుకంటే ట్రినిడాడ్, జమైకా, బార్బడోస్‌లలో చేసిన అధ్యయనాల్లో అంత ఎక్కువ రేటు కనబడలేదు. నల్లవారికి జబ్బు ముద్ర తొందరగా వేస్తున్నారా అన్న వాదన కూడా నడిచింది. మనిషిని పదేపదే కిందికి తొక్కి, బయటికి నెట్టే అనుభవమే సైకోసిస్‌కు దారితీయవచ్చని సెల్టెన్, కాంటర్-గ్రే అనే పరిశోధకులు 2005లో ప్రతిపాదించారు. దానికి 'సామాజిక పరాజయం' అని పేరు పెట్టారు. ఆ వాదన మీద చర్చ ఇంకా ముగియలేదు. అయితే తరతరాల పరాజయాన్ని మతగ్రంథాలతో సమర్థించుకున్న దేశంలో ఆ చర్చ సరిగా మొదలైనా కావాలి కదా!

మనదగ్గర అడిగినచోట జవాబు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007-08లో ఆరు భారతీయ రాష్ట్రాల్లో సేకరించిన సమాచారాన్ని ఆశిష్ గుప్తా, డయాన్ కాఫీ పరిశీలించారు. ఆధిపత్య కులాల హిందువులకంటే దళితులు, ముస్లింల మానసిక ఆరోగ్యం అధ్వాన్నంగా ఉందని 2020లో రాశారు. అది స్కిజోఫ్రీనియా లెక్క కాదు, జనం తమ గురించి తాము చెప్పుకున్న లెక్క. అయినా వెతకాల్సింది ఎక్కడో అది చూపిస్తోంది.

ఇక ప్రభుత్వ లెక్క చూద్దాం. నిమ్హాన్స్ 2015-16లో జార్ఖండ్ సహా 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. సైకోసిస్ ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురికి చికిత్స అందడం లేదని తేల్చింది. వయసు, స్త్రీ పురుష భేదం, పల్లె, పట్నం, ఆదాయం వారీగా జబ్బుల లెక్కలు చెప్పింది. ఆ ముగ్గురూ ఏ కులాలవాళ్లో దాని ప్రధాన ఫలితాలు చెప్పవు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ మాత్రం, చికిత్సలో కుల వివక్ష ఉండరాదని స్పష్టంగా అంటుంది. లెక్కే తీయనప్పుడు చట్టం అమలవుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

లెక్క లేనిచోట నింద రోగి మీదికి పోతుంది. రెండు రకాల మందులు చాలినంత మోతాదులో, చాలినంత కాలం వాడినా తగ్గని డిప్రెషన్‌ను మందులకు లొంగనిది అంటారు. చాలినంత కాలం వాడాలంటే ఆస్పత్రిలో మందు దొరకాలి, రోజు కూలి వదులుకోగలగాలి, డాక్టరు మాట మర్యాదగా ఉండాలి. మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ వాడాలంటే మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష చేయించుకోవాలి. దినకూలీకి అది 18 రోజుల కూలి. ఆ కుటుంబం మధ్యలో ఆగిపోతే కేసు షీట్లో 'సహకరించలేదు' అని పడుతుంది. ఆలస్యంగా వస్తే 'మూఢనమ్మకం, ఓఝా దగ్గరికి వెళ్లారు' అని పడుతుంది. మందుకు జబ్బు లొంగలేదా, మనిషికి మందు అందలేదా అన్న తేడా ఎక్కడా నమోదు కాదు.

ఇది ఆస్పత్రులతో ఆగిపోయే అలవాటు కాదు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. అందుకు కారణం వివక్ష కాదు, అతని వ్యక్తిగత నిస్పృహే అని రూపన్వాల్ కమిషన్ తేల్చింది. కులాన్ని కేసు నుంచి తప్పించడానికి మనసు భాష ఎంత బాగా ఉపయోగపడుతుందో అక్కడ చూశాం. బాబాసాహెబ్ 1936లోనే కులాన్ని మనసుకు సంబంధించిన స్థితిగా గుర్తించారు. మనసే తన రంగమని చెప్పుకునే శాస్త్రం ఆ మాటకు ఇంకా బాకీ ఉంది.

కులం రాస్తే మన మీదే ముద్ర పడుతుంది కదా అని మనవాళ్లే భయపడతారు. ఆ భయం ఉత్తది కాదు. 1851లో అమెరికాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు, బానిసలు పారిపోవడాన్నే ఒక మానసిక జబ్బుగా వర్ణించాడు. రేపు ఎవడో మన బిడ్డలను పుట్టుకతోనే బలహీన మనసువాళ్లు అనవచ్చు. అందుకే కులాన్ని రక్తంగా కాకుండా అనుభవంగా అడగమంటున్నాం. దళితులను మాత్రమే అడిగితే చాలదు. ఆధిపత్య కులాలవాళ్లను కూడా అవే ప్రశ్నలు అడగాలి. ప్రశ్నావళి రాసేవాళ్లలో, సమాచారాన్ని కాపాడేవాళ్లలో, ఎథిక్స్ కమిటీల్లో దళిత, ఆదివాసీ, బహుజన పరిశోధకులు ఉండాలి. ఆ జబ్బుతో బతికినవాళ్లూ, వాళ్లను చూసుకున్నవాళ్లూ ఉండాలి.

సైకాలజీ, సైకియాట్రీ, సోషల్ వర్క్ చదువుతున్న విద్యార్థులు ఈ పని తమ సినాప్సిస్‌తోనే మొదలుపెట్టవచ్చు. మీ ప్రశ్నావళిలో కులం, కుల అవమానం అన్న ప్రశ్నలు పెట్టండి. గైడు కొట్టేస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ప్రజల డబ్బుతో సాగే ప్రతి పరిశోధనా కులాలవారీ ఫలితాలను, వ్యక్తుల గుర్తింపు బయటపడకుండా, ప్రచురించి తీరాలని డిమాండ్ చేయండి. కాసిడీహ్ కుర్రాడికి మందు కావాలి, దాన్ని ఎవరూ కాదనరు. ఆ మందుతోపాటు అతనికి ఏం జరిగిందో వినిపించుకునే శాస్త్రం కూడా అతని హక్కే.