అవదా? గిట్టదా?

"ఎం.డి.ఎఫ్. చెక్కకి రంగు నున్నగా రాదమ్మా, లామినేట్ అంటించుకోవాల్సిందే." ఇది మా వీధి వడ్రంగి మాట. "ఆడవాళ్ళు చేసే పనేనా ఇది, చెప్తే వినవు." ఇది మావారి మాట. రెండూ తప్పే. జవాబు మా హాల్లో గోడవారన నిలబడి ఉంది.

పోయిన వేసవిలో పిల్లల పుస్తకాలకి అరలు నేనే చేశాను. 18 మిల్లీమీటర్ల బోర్డుని హార్డ్‌వేర్ షాపులో కొలతల ప్రకారం కోయించుకొచ్చి, స్క్రూలు బిగించుకున్నాను. డబ్బా మూత తీసి తెల్ల ఎనామిల్ నేరుగా కొట్టేశాను. పైభాగం ఫరవాలేదు. అంచులు మాత్రం జొన్నరొట్టె అంచుల్లా గరగరలాడాయి. ఇంకో కోటు వేస్తే అదీ తాగేశాయి. మా ఆడపడుచు వచ్చి వేలితో రాసి చూసి, "కొనుక్కుంటే పోయేది కదా వదినా" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంట్లో మనం చేసే పని బాగుంటే ఎవరికీ కనపడదు. చెడితే మాత్రం అందరూ వేలితో రాసి చూస్తారు.

అసలు సంగతేమిటంటే, చెక్క నారని జిగురుతో కలిపి, వేడి మీద ఒత్తిడి పెట్టి చేసిన పలక ఇది. పైపొర, కిందిపొర గట్టిగా ఉంటాయి. కోసిన అంచులో మధ్యభాగం గుల్ల. అక్కడి నార రంగుని బ్లాటింగ్ పేపర్‌లా పీల్చేస్తుంది, తడి తగిలితే ఉబ్బుతుంది. అది తెలుసుకోకుండా చెక్కని తిట్టడం, పప్పు నానబెట్టకుండా రుబ్బి గ్రైండర్‌ని తిట్టడం లాంటిదే.

అంతా గీకేసి మళ్ళీ మొదలుపెట్టాను. అంచులని 180 నంబరు గరుకు కాగితంతో రుద్ది, చెక్కకి వాడే లప్పం పల్చగా పట్టించి, ఆరాక 220తో రుద్దాను. ఆయిల్ ఉడ్ ప్రైమర్ అంచులకి రెండుసార్లు, మిగతాచోట ఒకసారి వేశాను. రాత్రంతా ఆరనిచ్చి, 320తో తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచాను. కుంచె పక్కన పెట్టి, చిన్న స్పాంజి రోలర్‌తో పల్చగా రెండు కోట్లు వేశాను. కోటుకీ కోటుకీ మధ్య ఒక రోజు విరామం, మళ్ళీ రుద్దుడు. పుస్తకాలు సర్దడానికి ఇంకో వారం పైనే ఆగాను, లేకపోతే అట్టలు అతుక్కుంటాయి.

ఒక్క జాగ్రత్త. రుద్దేటప్పుడు లేచే పొడి చాలా సన్నం, దాని జిగురులో సాధారణంగా ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. కొంగు అడ్డం పెట్టుకుంటే చాలదు. మంచి మాస్కు కట్టుకుని, పిల్లల్ని దూరంగా ఉంచి, మేడమీద రుద్దుకోండి.

చూశారుగా, రంగు వేసింది గంటో రెండు గంటలో. మిగిలిన రోజులన్నీ రుద్దడం, ఆగడం. ఆగిన రోజులకి వడ్రంగికి కూలి ఎవరిస్తారు? అందుకే అతన్ని తప్పుపట్టను. కానీ "నాకు గిట్టదమ్మా" అంటే సరిపోయేదానికి "అవదు" అనడం అబద్ధం. మావారి మాటా అంతే. "నాకు అలవాటు లేదు" అనాల్సినచోట "ఆడవాళ్ళ పని కాదు" అన్నారు. వాళ్ళ ఇబ్బందిని మన చేతకానితనంగా చెప్తుంటే, మనం నమ్మి డబ్బు తీసి ఇస్తున్నాం.

ఈసారి ఎవరైనా "అవదు" అంటే అడగండి, అవదా, మీకు గిట్టదా అని.

మొన్న పండక్కి వచ్చినప్పుడు మా ఆడపడుచు మళ్ళీ అంచు మీద వేలితో రాసింది. ఏమీ అనలేదు. మన ఇళ్ళల్లో ఏమీ అనకపోవడమే మెప్పు. నాకా మెప్పు చాలదు. అందుకే ఇదంతా రాశాను.