చెట్టు బెరడు చెప్పిన సాక్ష్యం



ఆయాసంతో ఓపీకి వచ్చినవారిని మేము మొదట అడిగేది "పొగ తాగుతారా?" అని. "మీ ఇంటి పక్కన ఏముంది?" అని అడగడం అరుదు. ఆ రెండో ప్రశ్న కూడా తప్పక అడగాలని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి అమెరికాలో జరిగిన ఒక సంగతి వివరిస్తాను.

ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరంలో 2013లో అటవీశాఖ శాస్త్రవేత్తలు చెట్ల బెరడు మీద పెరిగే నాచును 346 చోట్ల సేకరించి పరీక్షించారు. నాచుకు మామూలు మొక్కల్లాగా వేళ్లు ఉండవు. నీటిని, ఆహారాన్ని వాన నుంచి, గాలి నుంచి, మీద పడే దుమ్ము నుంచి తీసుకుంటుంది. అందుచేత గాలిలోని లోహాలు దాని ఒంట్లో చేరి నిలిచిపోతాయి.

రెండు చోట్ల నాచులో కాడ్మియం చాలా ఎక్కువగా కనబడింది. ఆ రెండు చోట్లా దగ్గరలో రంగు గాజు తయారుచేసే ఫ్యాక్టరీలున్నాయి. చర్చి కిటికీలకు పెట్టే రంగురంగుల అద్దాలు ఇలాంటి గాజుతోనే చేస్తారు. గాజుకు పసుపు, ఎరుపు రంగులు రావడానికి కాడ్మియం వాడతారు. 2015లో ఒక ఫ్యాక్టరీ దగ్గర యంత్రం పెట్టి కొలిస్తే, గాలిలో కాడ్మియం ఆ రాష్ట్రం పెట్టుకున్న ప్రమాణానికి 49 రెట్లు ఉంది. దగ్గరలోనే పసిపిల్లల సంరక్షణ కేంద్రం! ఈ లోహాన్ని ఏళ్ల తరబడి పీలిస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి, ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా రావచ్చు. 2016లో సంగతి బయటపడగానే కాడ్మియం వాడకాన్ని ఆపించారు. 2018లో ఆ రాష్ట్రం ఫ్యాక్టరీల పొగకు కొత్త నియమాలు తెచ్చింది.

దేవుని మందిరానికి అందం తెచ్చే అద్దం తయారీలోనే పొరుగువారికి హాని దాగి ఉంది. దాన్ని ముందు బయటపెట్టింది నాచు.

మన ఎండలకు నాచు ఏడాదంతా నిలవదు. కాని ఆకులున్నాయి గదా. వానలు వెళ్లిన తరువాత రోడ్డు పక్క మామిడి ఆకు ఒకటి, ఊరి బయట తోటలోది ఒకటి తీసుకుని, తడిపిన తెల్లగుడ్డతో తుడిచి చూడండి. రెండు మరకలకూ తేడా మీకే తెలుస్తుంది. ఒక్క హెచ్చరిక. ఊపిరితిత్తుల లోతుకు దిగే సన్నని ధూళి కంటికి కనబడదు. గుడ్డ తెల్లగా ఉన్నంత మాత్రాన గాలి మంచిదని అనుకోవద్దు. నాచు గాని, ఆకు గాని యంత్రానికి బదులు కావు. యంత్రం ఎక్కడ పెట్టాలో చూపిస్తాయి. గుడ్డ బాగా నల్లబడిన వీధివారు నలుగురూ కలిసి కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెట్టవచ్చు.

ఇతరులకు చెప్పేముందు నా సంగతి ఒప్పుకోవాలి. మొన్న మన ఆసుపత్రి వంటగది వెనుక, చెత్త కాల్చే చోట ఉన్న వేపచెట్టు ఆకులు తుడిచాను. గుడ్డ నల్లబడింది. ఆ పొగ వెళ్లేది పిల్లల వార్డు కిటికీల వైపే. ఇన్నేళ్లూ చూస్తూ ఊరుకున్నాను. ఇక అక్కడ నిప్పు పెట్టకూడదని, ఎండుటాకులు ఎరువు గుంతకు, ప్లాస్టిక్ మునిసిపాలిటీ బండికి వెళ్లాలని కమిటీని కోరాను.

మీ చర్చి ఆవరణలోనూ, మీ పెరట్లోనూ ఇదే నియమం పెట్టుకొమ్మని వేడుకుంటున్నాను. ఊపిరి దేవుడిచ్చిన దానం. పొరుగువాని ఊపిరిని కాపాడడం కూడా మన పరిచర్యలో భాగమే.