రంగు మనకి, వాట్లు వాళ్ళకా?

హోమ్ థియేటర్ పిచ్చి ఉన్న మగవాళ్ళ భాషలో ఒక మాట ఉంది. వైఫ్ యాక్సెప్టెన్స్ ఫ్యాక్టర్. అంటే ఆ సామానుని భార్య ఇంట్లోకి రానిస్తుందా లేదా అన్న లెక్క. 1983లో అమెరికాలో స్టీరియోఫైల్ పత్రికలో అచ్చయిన జోకు అది. నలభై ఏళ్ళు దాటాయి, ఇవాళ్టికీ కొండాపూర్, నల్లగండ్ల ఫ్లాట్లలో చెలామణీ అవుతూనే ఉంది. ఆ మాటలో మనకిచ్చిన పాత్ర ఏమిటో గమనించారా? గేటు దగ్గర వాచ్‌మన్ పాత్ర! లోపలికొచ్చే డబ్బాలో ఏముందో, అంత ధర ఎందుకో మనకి అనవసరం. సోఫాకి మ్యాచ్ అయితే తలూపాలి, అంతే.

ఆ మధ్య ఒక షోరూమ్‌లో సేల్స్ అబ్బాయి మావారికి వాట్లు వల్లిస్తూ, మధ్యలో నావైపు తిరిగి "మేడమ్, ఇందులో వైట్ ఫినిష్ కూడా ఉందండీ" అన్నాడు. నేను అడిగింది ఆ స్పీకర్ సెన్సిటివిటీ ఎంత అని. పాపం, బ్రోషర్ వెతుక్కున్నాడు.

రిసీవర్ని వాట్లు చూసి కొనకూడదు. ముందు స్పీకర్లు, హాలు కొలత, ఆ తర్వాతే రిసీవర్. ఎన్ని బియ్యం పొయ్యాలో తెలియకుండా ఎవరైనా పన్నెండు లీటర్ల కుక్కర్ కొంటారా? ఇక్కడ మాత్రం జరుగుతున్నది అదే.

లెక్క కష్టమేమీ కాదు. స్పీకర్ కాగితం మీద సెన్సిటివిటీ 87 డెసిబెల్స్ అని ఉందనుకోండి. ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో అంత శబ్దం వస్తుందని అర్థం. మన హాల్లో సోఫా మూడు మీటర్ల దూరంలో ఉంటే, అక్కడికి చేరేసరికి సుమారు 78. మనం మామూలుగా మాట్లాడుకునేది 60 దగ్గర. అంటే ఒక్క వాట్‌కే టీవీ మన మాటల్ని మింగేస్తుంది! సినిమాలో పేలుళ్ళప్పుడు శబ్దం సగటు కన్నా 20 డెసిబెల్స్ దాకా ఎగురుతుంది అనుకుందాం. సగటున 70లో వింటే అప్పుడు 90. దానికి కావలసింది 16 వాట్లు. కాస్త ధారాళంగా యాభై అనుకోండి. మరి ఆ 150 ఎవరి కోసం?

ఇంకో ముచ్చట. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. 80 వాట్ల రిసీవర్ వదిలి 160 వాట్లది తెచ్చుకుంటే చెవికి తెలిసేది చిన్న తేడా. అదే 84 డెసిబెల్స్ స్పీకర్ బదులు 90ది తెచ్చుకుంటే నాలుగో వంతు పవర్‌తోనే అంత శబ్దం వస్తుంది. అందుకే డబ్బు ముందు స్పీకర్ల మీద పెట్టమంటాను.

అసలు డబ్బా మీది అంకెనే నమ్మలేం. మన చిన్నప్పుడు టేప్‌రికార్డర్ల మీద వేలల్లో పీఎమ్‌పీఓ అని స్టిక్కర్లు ఉండేవి, గుర్తుందా? ఈ వాట్ల గోల భరించలేక అమెరికా ప్రభుత్వం 1974లోనే, యాంప్లిఫయర్ పవర్ ఎలా కొలిచి చెప్పాలో రూలు పెట్టింది. ఇప్పటికీ పెద్ద అక్షరాల అంకె పక్కన చిన్న అక్షరాలు చదవండి. ఒకే చానల్ నడిపి, 6 ఓముల దగ్గర, 10 శాతం డిస్టార్షన్‌తో కొలిచిందైతే ఆ అంకె పెళ్ళిచూపుల ఫొటో లాంటిది. 8 ఓములు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, రెండు చానల్స్ కలిపి నడిపినప్పుడు ఎంత అన్నదే అడగండి. ఐదు చానల్స్ ఒక్కసారిగా నడిస్తే అది ఇంకా తగ్గుతుంది.

తర్వాత ఓములు. 4 ఓముల స్పీకర్ 8 ఓముల దానికి రెట్టింపు కరెంటు లాగుతుంది. చవక రిసీవర్‌కి తగిలిస్తే వేడెక్కి, క్లైమాక్స్‌లో దానంతట అదే ఆగిపోగలదు. పైగా మన ఇంటీరియర్ వాళ్ళు రిసీవర్ని టీవీ యూనిట్‌లో షట్టర్ వేసి మూసేస్తారు. కేటలాగ్‌లో ఫొటో బాగుంటుంది, రిసీవర్‌కే ఊపిరాడదు. పైన నాలుగైదు అంగుళాలు ఖాళీ, వెనక గాలి ఆడేదారి ఉండాలి. ఫాల్స్ సీలింగ్ మూసేలోపే వైర్లకి పైపు వేయించుకోవాలి. ఆ కార్పెంటర్‌తో, ఎలక్ట్రీషియన్‌తో పగలంతా ఉండేది మనమే కదా, ఆ సంగతి మాత్రం మనకెవరూ చెప్పరు.

చాలా ఇళ్ళల్లో ఇంకో గోల: పాటలు అదిరిపోతాయి, మాటలు వినబడవు. అత్తయ్యగారు ప్రతి సీనుకీ "ఏమన్నాడే?" అంటారు. 5.1లో మాటలు ఎక్కువగా సెంటర్ స్పీకర్ లోంచే వస్తాయి. అది రెండు వైపుల స్పీకర్ల కంపెనీదే, అదే సిరీస్‌ది అయితే గొంతు మారదు. తొమ్మిది చానల్స్ రిసీవర్ కొని నాలుగు ఖాళీగా వదిలేసే బదులు, ఆ డబ్బుతో మంచి సెంటర్ వస్తుంది.

"థియేటర్ ఫీల్ వద్దా?" అంటారు. కావాలి, అందుకు కొండాపూర్‌లోనే ఏఎమ్‌బీ ఉంది. మన పక్కగోడ అవతల పదో తరగతి పిల్ల చదువుకుంటోంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకి పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 అని రాసి ఉంది. సబ్‌వూఫర్ దడ స్లాబులోంచి కిందింటికి దిగుతుంది. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫ్లాట్ నంబరుతో సహా పేలేది మనమే.

చివరికి ఒక చిన్న సంగతి. చాలా రిసీవర్లతో పాటు డబ్బాలో చిన్న మైకు వస్తుంది. దాన్ని సోఫాలో చెవి ఎత్తున పెడితే, రిసీవర్ టుయ్ టుయ్ మని కూసి, ఏ స్పీకర్ ఎంత దూరమో కొలిచి సర్దుకుంటుంది. ఎంతోమంది ఇళ్ళల్లో ఆ మైకు ప్లాస్టిక్ కవర్‌లోనే ఉంది, అడిగి చూడండి. ఫ్యాను, ఏసీ ఆపి, కర్టెన్లు మామూలుగా ఉండే చోట ఉంచి, కుక్కర్ ఎక్కించక ముందే కానిచ్చేయాలి. మా ఇంట్లో ఆ పని నాదే.