నాన్న, నేను, నాలుగు అడుగులు

ఏప్రిల్ మూడో వారం. నాన్న అనంతపురం నుంచి వచ్చి అప్పటికి ఇరవై రోజులు. సాల్ట్ లేక్ సిటీలో నా అపార్ట్‌మెంట్ బాల్కనీ, పక్క వీధిలో సూపర్ మార్కెట్, ఆ రెండింటి మధ్య నడక... ఆయన చూసిన అమెరికా అంతే. "ఇంగ చూసేదేముంది పాపా, టికెట్ ముందుకు జరుపు" అని మొదలుపెట్టారు. ఇక లాభం లేదని శుక్రవారం సాయంత్రం కారెక్కించేశాను. నాలుగు గంటల డ్రైవ్. మోయాబ్ అనే చిన్న ఊరు, దాని పక్కనే ఆర్చెస్ నేషనల్ పార్క్.

ఆ ఎర్ర రాళ్ల ఫొటోలు ఇన్‌స్టాలో మీరూ చూసే ఉంటారు. యూటా బండ్ల నంబర్ ప్లేట్ మీద కూడా కనిపించే రాతి తోరణం పేరు డెలికేట్ ఆర్చ్. వెళ్లి రావడానికి 3 మైళ్లు, అంటే దాదాపు 5 కిలోమీటర్లు. ఎక్కాల్సింది 480 అడుగులు. వినడానికి చిన్నదే. కానీ దారిలో నీడన్నదే లేదు. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు తీసుకెళ్లమంటారు. "నాకు ఎండ కొత్తనా?" అంటూ నాన్న అర లీటర్ సీసా ఒకటి పట్టుకున్నారు. మిగతావి నా బ్యాగ్‌లో సర్దాను. (తర్వాత ఆ బ్యాగ్ నీళ్లు ఎవరు ఎక్కువ తాగారో చెప్పను.)

నడక మొదలయ్యే చోట పాత చెక్క ఇల్లు ఒకటుంది. అంతర్యుద్ధంలో పోరాడి, కాలు దెబ్బతిన్న జాన్ వెస్లీ వుల్ఫ్ అనే ఆయన 1898లో ఒహాయో నుంచి కొడుకుతో వచ్చి ఇక్కడ పశువులు మేపాడు. 1906లో కూతురు ఫ్లోరా వచ్చింది. పాత గుడిసె ఆమెకి నచ్చలేదు. చెక్క నేల వేసిన కొత్తది కట్టించింది. ఇది చదివి చెప్తే నాన్న నా వైపు చూసి "కూతుర్లు యాడైనా అంతే" అన్నారు. ఊళ్లో మా ఇంటికి టైల్స్ వేయించింది నేనే లెండి.

తర్వాతి ప్రశ్న రైతుది. "ఈడ వాన ఎంత పడుతుంది?"

ఏడాదికి 8 నుంచి 10 అంగుళాలు. మన లెక్కలో దాదాపు 200 నుంచి 250 మిల్లీమీటర్లు. కరువు జిల్లా అని పేరుబడ్డ మా అనంతపురానికే 550 దాకా పడుతుంది. "మన దాంట్లో సగం గూడా లేదు. మరి ఈ పూలెట్లా?"

నిజమే, ఎక్కడ చూసినా పూలే. ఎర్ర ఇసుకలో నారింజ రంగు గ్లోబ్‌మాలో గుత్తులు. నాన్న ఒకదాని ముందు గొంతుక్కూర్చుని "ఇది బెండ పువ్వు మాదిరే ఉందే" అన్నారు. నేను నవ్వాను. తర్వాత చూస్తే బెండ, పత్తి, గోంగూర, మందారం... వీటన్నిటి కుటుంబమే అది! ఇంకోటి పెయింట్‌బ్రష్. కుంచెని ఎర్ర రంగులో ముంచి నిలబెట్టినట్టుంటుంది. ఆ ఎరుపు రేకులది కాదు, మన కాగితం పూలలాగా ఆకులదే. పైగా పక్క మొక్క వేళ్లలోంచి నీళ్లు లాక్కుంటుందట.

దారి మొదట్లో ఒక బోర్డు ఉంది. "ఏం రాసినారు?" అని అడిగితే, "దారిలోనే నడవమంటున్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేసి, ఎందుకైనా మంచిదని ఫొటో తీసి పెట్టుకున్నాను. కాసేపటికి ఒక చోట పూలు మరీ బాగున్నాయి. వెనకాల ఎర్ర కొండ. లైటింగ్ అదిరింది. నాలుగంటే నాలుగే అడుగులు పక్కకి వేసి, ఫోన్ ఎత్తి పిలిచాను. "నాన్నా, రా! సెల్ఫీ!"

రాలేదు. దారి మీదే నిలబడి నేల వైపు చూస్తున్నారు.

"విత్తనమేసిన చేన్లో ఎవరన్నా కాలు పెడతారా పాపా?"

అప్పుడు చూశాను కిందకి. అది ఉత్త ఇసుక కాదు. నల్లగా, బుడిపెలు బుడిపెలుగా, మాడిన అట్టులాంటి పొర. నేను కాలు పెట్టిన చోటల్లా పొడి అయిపోయి కింది ఎర్ర ఇసుక బయటపడింది. అక్కడ సిగ్నల్ లేదు. ఇందాకటి బోర్డు ఫొటో తెరిచి చదివాను. ఆ పొర బతికే ఉంటుందట. సయనోబ్యాక్టీరియా, నాచు, లైకెన్లు కలిసి అల్లుకున్నది. తడి తగిలినప్పుడు సన్నటి పోగులు ఇసుక రేణువుల మధ్య పాకి వాటిని కట్టిపడేస్తాయి. నేల గాలికి ఎగిరిపోదు, పడ్డ కాస్త వానా నిలుస్తుంది. గాలిలోని నత్రజని నేలకి చేరుతుంది. "మన చెనిక్కాయ వేర్లకుండే బుడిపెల మాదిరి" అన్నారు నాన్న. ఆయన అడిగిన పూల ప్రశ్నకి సగం జవాబు నా షూ కిందే ఉంది. ఒకసారి తొక్కితే మళ్లీ కట్టుకోవడానికి ఏళ్లు, చాలాచోట్ల దశాబ్దాలు.

"కదలొద్దు. పోయిన అడుగుల్లోనే ఎనక్కి రా."

వచ్చాను. పాత గుర్తుల్లోనే మళ్లీ కాలు పెట్టుకుంటూ, చిన్నప్పుడు తొక్కుడుబిళ్ల ఆడినట్టు. నాన్న ఇంకేమీ అనలేదు. ఆ అనకపోవడమే కష్టంగా ఉంది.

అక్కణ్ణుంచి బండ మీద ఎక్కుడు. చివరి 200 గజాలు కొండ అంచున నడక. మలుపు తిరగ్గానే ఎదురుగా తోరణం. దాని ఖాళీ ఒక్కటే 46 అడుగుల ఎత్తు. కింద ఫొటోల కోసం క్యూ. మేం క్యూలో నిలబడలేదు, బండ మీద కూర్చుని పులిహోర తిన్నాం. దిగేటప్పుడు ఆ నాలుగు గుర్తులు మళ్లీ కనిపించాయి. ఇద్దరం చూశాం, ఇద్దరం మాట్లాడలేదు.

రాత్రి హోటల్ వైఫైలో అమ్మకి ఫొటోలు పంపాను. తొందరలో ఆ సెల్ఫీ కూడా వెళ్లిపోయింది. ముందు నేను ఇకిలిస్తూ, వెనకాల దూరంగా నాన్న చేతులు కట్టుకుని, మా ఇద్దరి మధ్య నేల మీద నా అడుగులు. వెంటనే వీడియో కాల్ వచ్చింది.

"అంత మంచి చోటికి పోయి ఎందుకట్లా మొగం పెట్టినారు?" అని అమ్మ.

నాన్న ఫోన్ దగ్గరికి లాక్కుని అన్నారు, "నీ కూతురు చేన్లో పడింది."